పోడు పట్టాకు అర్జీ పెట్టబోయే పిల్లలకు

పిల్లలూ,

అమ్మానాన్నలు అడవిలో దున్నే పోడు భూమికి పట్టా అడిగితే అది సర్కారు పెట్టే దానమన్నట్టు మాట్లాడేవాళ్లు ఎదురవుతారు. ఆ మాటకు తల వంచకండి. అడవికి హద్దులు గీసిన రోజుల్లో మన ఆదివాసీల హక్కుల్ని రాసుకోకపోవడం అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది.

పని గ్రామసభతో మొదలవుతుంది. సభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. అందులో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లుండాలి. సొంత సాగు భూమికి అర్జీ ఫారం ఏలో పెట్టాలి. ఆ భూమి 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉండాలి. దున్నుతున్నంత మేరకే ఇస్తారు, అదీ 4 హెక్టార్లు, అంటే సుమారు 10 ఎకరాలు మించదు. పట్టా ఆలుమగలిద్దరి పేరా వస్తుంది. పిల్లలకు దక్కుతుంది గానీ అమ్ముకోవడానికి వీల్లేదు.

అర్జీలు ఎక్కువగా దెబ్బతినేది రుజువుల దగ్గరే. ఒక్క రేషన్ కార్డు జతచేసి ఊరుకోకండి, కనీసం రెండు రకాలు పెట్టండి. చేలో వేసిన గట్లు, తవ్విన బావి, పెద్దల సమాధులు కూడా రుజువులే. అర్జీదారు కాని ముసలివాళ్ల మాటను రాయించి వేలిముద్ర వేయిస్తే అదీ చెల్లుతుంది. ఫలానా కాగితమే తెమ్మని ఎవరూ పట్టుబట్టకూడదు. ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడలేదన్న ఒక్క సాకుతో కొట్టేయడం నిబంధనలకు విరుద్ధం. అర్జీ ఇచ్చిన రోజే రసీదు అడిగి తీసుకోండి.

గ్రామసభ సిఫారసు మొదట డివిజన్ కమిటీకి, తర్వాత జిల్లా కమిటీకి వెళ్తుంది. దాన్ని పై కమిటీ తిరస్కరిస్తే కారణాలు వివరంగా రాసివ్వాలి. డివిజన్ కమిటీ నిర్ణయం మీద 60 రోజుల్లో కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్లవచ్చు. ఈ గడువు తప్పిపోయి నష్టపోకండి. పరిశీలన పూర్తయ్యేదాకా భూమి నుంచి వెళ్లగొట్టకూడదని చట్టంలోనే ఉంది.

అందరూ ఫారం ఏ కోసమే పరుగెత్తుతారు. నా దృష్టిలో ఫారం సి అంతకన్నా పెద్దది. ఊరంతా కలిసి తమ అడవిని కాపాడుకునే హక్కు, దాన్ని ఎలా వాడుకోవాలో తేల్చుకునే హక్కు దానితో వస్తాయి. తునికాకు, వెదురు, తేనె లాంటి ఉమ్మడి హక్కులకు ఫారం బి వేరే ఉంది. ఫారం సికి ఊరి పాత హద్దులు గుర్తులతో సహా చూపాలి: ఏ వాగు, ఏ గుట్ట, ఏ దేవర చెట్టు. పక్క గూడెంతో హద్దు కలిసిపోతే రెండు కమిటీలూ కూర్చుని మాట్లాడుకోవాలి, కుదరకపోతే డివిజన్ కమిటీకి పంపాలి. ఆ గుర్తులు తెలిసిన తాతల్నీ అవ్వల్నీ వెంటబెట్టుకుని, వాళ్లు నడవగలిగినప్పుడే హద్దంతా తిరిగి రాసుకోండి.