డ్రీమ్‌లైనర్‌లో గాలి బాగుంది, సీటే ఇరుకు

విమానం బాగా పైన ఎగురుతున్నప్పుడు నీళ్ళు తాగేసి, ఖాళీ బాటిల్‌కి మూత గట్టిగా బిగించి పక్కన పెట్టండి. కిందికి దిగేసరికి అది సొట్టలు పడి, పక్కలు లోపలికి లాక్కుపోయి ఉంటుంది. పైన క్యాబిన్‌లో ఉన్న పల్చటి గాలే బాటిల్లో చిక్కుకుంది. నేల మీదికొచ్చాక చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి పెరిగి దాన్ని నలిపేసింది. అలాంటి పల్చటి గాలిలోనే మనం పద్నాలుగు, పదహారు గంటలు కూర్చుని అమెరికా వెళ్తుంటాం.

విమానంలో సౌకర్యం అనగానే సీటు, భోజనం, ముందున్న స్క్రీన్ గుర్తొస్తాయి. దూర ప్రయాణంలో ఒళ్ళు హూనం కావడంలో గాలి పాత్ర కూడా చాలా ఉంది. 2011లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్, 2015లో వచ్చిన ఎయిర్‌బస్ ఏ350 ముఖ్యంగా మార్చింది ఆ గాలినే.

40,000 అడుగుల ఎత్తులో బయటి పీడనం సముద్ర మట్టంలో ఉండేదాంట్లో ఐదో వంతు కూడా ఉండదు. అందుకే లోపలికి గాలి నింపి పీడనం పెంచుతారు. అలాగని నేల మీద ఉన్నంత పెంచరు. క్యాబిన్‌లో గాలి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండేంత ఉంటే నిబంధనలు ఒప్పుకుంటాయి. పాత విమానాల డిజైన్ ఆ హద్దుకి సరిపడేలా ఉండేది. ఊటీ ఊరు 7,350 అడుగుల ఎత్తులో ఉంది. అంటే ఊటీ దాటి దొడ్డబెట్ట శిఖరానికి వెళ్ళే దారిలో ఎక్కడో రాత్రంతా కూర్చున్నట్టు లెక్క. 787లో, ఏ350లో ఆ హద్దు 6,000 అడుగులు. దాదాపు కూనూర్ ఎత్తు.

రెండు వేల అడుగుల తేడాతో ఏమొస్తుందిలే అనిపించొచ్చు. అమెరికాలో దీన్నే పరీక్షించి చూసి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బోయింగ్ డబ్బుతో జరిగిన ఆ పరిశోధనలో 502 మందిని పీడనం మార్చగల గదిలో 20 గంటల చొప్పున కూర్చోబెట్టారు. 8,000 అడుగులకి సమానమైన పీడనంలో రక్తంలో ఆక్సిజన్ స్థాయి సగటున 4.4 శాతం పాయింట్లు పడిపోయింది. అలాగని కొండలెక్కినప్పుడు వచ్చే జబ్బేమీ పెరగలేదు. కానీ 7,000 నుంచి 8,000 అడుగుల మధ్య ఉన్నవాళ్ళలో మూడు గంటలు దాటాక ఒంట్లో నలతగా ఉందనేవాళ్ళు ఎక్కువయ్యారు. 6,000 దగ్గర ఆ తేడా కనిపించలేదు. దుబాయ్ దాకా వెళ్ళేవాళ్ళకి ఇది పెద్దగా తెలియకపోవచ్చు, షికాగో వెళ్ళే డెబ్భై ఏళ్ళ అమ్మకి మాత్రం తెలుస్తుంది. కడుపు ఉబ్బరం సంగతీ ఇంతే. పీడనం తగ్గితే పేగుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. 8,000 అడుగుల దగ్గర అది మూడో వంతుకి పైగా ఉబ్బితే, 6,000 దగ్గర నాలుగో వంతు ఉబ్బుతుంది.

మరి పాత విమానాల్లోనే పీడనం ఇంకాస్త పెంచి ఉండొచ్చు కదా? అడ్డం వచ్చింది వాటి ఒంటికి వాడిన అల్యూమినియం. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి విమానం ఒంటిని బయటికి నెడుతుంది, దిగాక వదిలేస్తుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగినట్టే, లోహం వేల సార్లు సాగి ముడుచుకుంటే అలిసిపోయి పగుళ్ళిస్తుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737కి గాలిలో ఉండగానే పైకప్పు ముందు భాగం ఊడిపోయింది. దాదాపు 90,000 సార్లు ఎగిరిన విమానం అది. ఉప్పుగాలికి పట్టిన తుప్పు, లోహపు అలసట కలిసి చేసిన పని. ఒక ఎయిర్ హోస్టెస్ గాలిలోకి కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. మిగతా అందరినీ పైలట్లు ప్రాణాలతో దించారు.

కూనూర్ గాలి కావాలంటే, 40,000 అడుగుల మీద విమానం ఒంటి మీద ప్రతి చదరపు మీటరూ 6 టన్నులకి పైగా ఒత్తిడిని తట్టుకోవాలి, ఏళ్ళ తరబడి. 787 బరువులో సగం, ఏ350లో సగానికి కాస్త ఎక్కువ కార్బన్ ఫైబర్ లాంటి కాంపోజిట్ పదార్థాలే. ఇవి అల్యూమినియంలాగా అలిసిపోవు. తుప్పు పట్టవు. బరువు తగ్గితే ఇంధనం మిగులుతుందని కంపెనీలు ఈ దారి పట్టాయి, దాంతోపాటే మన ఊపిరికీ మేలు జరిగింది.

తుప్పు భయం తగ్గడం వల్ల గాలిలో తేమ కూడా కాస్త పెరిగింది. బయట మైనస్ 50 డిగ్రీల చలిలో ఉండే గాలిలో నీరు దాదాపు ఉండదు. అదే గాలిని వేడిచేసి లోపలికి పంపుతారు కాబట్టి క్యాబిన్‌లో ఉండే తేమ చాలావరకు ప్రయాణికుల ఊపిరి నుంచి వచ్చిందే. అందుకే జనం పల్చగా ఉండే బిజినెస్ క్లాస్‌లో గాలి ఇంకా పొడిగా ఉంటుంది! ఎకానమీలో కిక్కిరిసి కూర్చున్నవాళ్ళకి దక్కే లాభం ఇదొక్కటేనేమో. పాత విమానాల్లో తేమ తరచూ 20 శాతం లోపే ఉండేది. కొత్తవాటిలో కొంచెం మెరుగు, అంతే. ముక్కు, గొంతు, కళ్ళు ఎండిపోవడం పూర్తిగా పోలేదు.

ఇంకొన్ని మార్పులు ఉన్నాయి. చాలా విమానాల్లో క్యాబిన్ గాలిని ఇంజిన్ నుంచే మళ్ళిస్తారు. 787లో విడిగా కరెంటుతో నడిచే కంప్రెసర్లు బయటి గాలిని లాక్కుంటాయి. కిటికీకి లాగే షట్టర్ బదులు బటన్ ఉంటుంది, నొక్కితే అద్దం మెల్లగా నీలంగా ముదురుతుంది. ఇంజిన్ల వెనక అంచు రంపపు పళ్ళలా కత్తిరించడంతో రొద తగ్గింది.

నాకు బాధ కలిగించేది సీటు సంగతి. 787లో ఎకానమీ వరసకి 2-4-2 చొప్పున ఎనిమిది సీట్లు వేయొచ్చు. జపాన్ ఎయిర్‌లైన్స్ దూర ప్రయాణాల్లో అలాగే వేస్తోంది. చాలా సంస్థలు మాత్రం 3-3-3 అని తొమ్మిది ఇరికించాయి. దాంతో సీటు వెడల్పు 17 అంగుళాల చిల్లరకి పడిపోయింది. భుజాలు కాస్త వెడల్పుంటే పక్కవాళ్ళ మీద వాలక తప్పదు. ఏ350 లోపల కొంచెం వెడల్పు ఎక్కువ కనుక అదే తొమ్మిది సీట్ల వరసలో 18 అంగుళాల దాకా వస్తుంది. ఆ ఒక్క అంగుళం పదహారు గంటల్లో చాలా పెద్దది. ఇంజినీర్లు ఏళ్ళు కష్టపడి ఇచ్చిన సుఖంలో కొంత టికెట్ లెక్కల్లో పోయిందంటే నాకు కోపమే వస్తుంది.

గాలి ఎంత బాగున్నా కాళ్ళ సమస్య తీరదు, ఎందుకంటే అది ముఖ్యంగా కదలకపోవడం వల్ల వచ్చేది. 4 గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అలా జరిగేది సుమారు 6,000 మందిలో ఒకరికే, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. కానీ మనవడినో మనవరాలినో చూడ్డానికి మొదటిసారి బయల్దేరే పెద్దవాళ్ళు, పక్కవాళ్ళని లేపడం మొహమాటమై, బాత్రూమ్‌కి కూడా లేవకుండా కూర్చుండిపోతారు. వాళ్ళకి దారి వైపు సీటు ముందే బుక్ చేయండి. టికెట్ వివరాల్లో విమానం పేరు కూడా ఉంటుంది: 788, 789 అని ఉంటే డ్రీమ్‌లైనర్, 359 అని ఉంటే ఏ350. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఏ విమానమైనా డాక్టర్ని అడిగాకే ఎక్కాలి, కూనూర్ ఎత్తు కూడా అందరికీ పడదు.