మా ఇల్లు సముద్రం కింద ఉందంట!

పోయినేడు ఇంటి పునాది దగ్గర నిలబడి ఫోన్‌లో జీపీఎస్ యాప్ ఓపెన్ చేశా, మనం ఎంత ఎత్తులో ఉన్నామో చూద్దామని. ఎత్తు మైనస్ 68 మీటర్లు అని చూపించింది. మాది కోనసీమ, ఎత్తు అనేది లేని ఊరే, కొండ చూడాలంటే బస్సెక్కాలి, కానీ మరీ సముద్రం కింద 68 మీటర్లంటే ఎలా? పక్కన తాపీ మేస్త్రీకి చూపిస్తే ఆయన నవ్వి "ఆయ్, మీ ఫోన్ లెక్కన మనం ఈపాటికి చేపలమైపోవాలండి" అని లెవెల్ పైపు తీశాడు. తెలుసుగా, సన్నటి ప్లాస్టిక్ గొట్టం, నిండా నీళ్ళు, గాలి బుడగ లేకుండా చూసుకుని ఒక కొస ఈ మూల, ఇంకో కొస ఆ మూల పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ గీత. అంతే లెవెల్.

నిజానికి ఫోన్ తప్పేం చెప్పలేదు, మేస్త్రీ కూడా తప్పు చెప్పలేదు. జీపీఎస్ భూమిని నున్నటి, పైనా కిందా కొంచెం నొక్కిన బత్తాయి కాయలా ఊహించుకుని దాని మీద నుంచి ఎత్తు లెక్కేస్తుంది. అసలు భూమి అంత నున్నగా లేదు, లోపల బరువు అన్ని చోట్లా ఒకేలా లేదు, అందుకని గురుత్వాకర్షణ ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ, దాన్ని బట్టి సముద్రం నీళ్ళు కూడా ఆ ఊహా బత్తాయి కంటే ఒక చోట పైకీ ఒక చోట కిందకీ ఉంటాయి. మన తీరం దగ్గర సముద్ర మట్టమే దాని కన్నా దాదాపు 70 మీటర్లు కింద ఉంటుంది. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో అయితే 106 మీటర్ల దాకా, ప్రపంచంలోకెల్లా పెద్ద గుంట అదే. మరి నీళ్ళన్నీ అటే పారిపోవాలి కదా అంటే పారవు. "నీరు పల్లమెరుగు" అంటాం గానీ నీటికి తెలిసిన పల్లం గురుత్వాకర్షణ పల్లం, బత్తాయి లెక్క పల్లం కాదు. మేస్త్రీ గొట్టం కొలిచేది నీటి పల్లం, నా పాత ఫోన్ కొలిచింది బత్తాయి ఎత్తు. కొన్ని ఫోన్లు, యాప్‌లు ఈ తేడా సరిచేసి చూపిస్తాయి, కొన్ని చూపించవు.

రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు మీద ఊరి పేరుతో పాటు సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసుంటుంది కదా, దానికి సున్నా ఇంకోటి. తొమ్మిది రేవుల్లో ఏళ్ళ తరబడి ఆటుపోట్లు కొలిచి సగటు తీసి 1909లో మన దేశానికి ఒక మట్టం ఖాయం చేశారు, విశాఖపట్నం కూడా అందులో ఒకటి. ఇక మా వాళ్ళకి వరదల్లో పనికొచ్చే ఎత్తు అయితే అస్సలు వేరే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53. టీవీలో చూసి ఎవరో ఒకరు ప్రతి ఏడూ అడుగుతారు, అక్కడ 53 అడుగుల నీళ్ళు ఇక్కడికొచ్చేసరికి 17 ఎలా అయ్యాయని. ఏ గేజీకి ఆ గేజీ సున్నా వేరు బాబూ, అంతే!

విమానాల సంగతి ఇంకా తమాషా. పైలట్ ముందున్న ఆల్టీమీటర్ ప్రధానంగా ఒక బారోమీటర్, అది గాలి ఒత్తిడి కొలిచి దాన్ని అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. నేల దగ్గర ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడికి కొలత అది) తగ్గితే దాదాపు 27 అడుగులు పైకెళ్ళినట్టు లెక్క. ఇప్పుడు తుఫాను రోజు ఊహించుకోండి, మనకి కొత్తేం కాదుగా. గాలి ఒత్తిడి 30 పడిపోయింది, పైలట్ మీటర్ సరిచేసుకోలేదు, అది నేల మీద నిలబడ్డ విమానాన్ని కూడా 800 అడుగుల పైన ఉన్నట్టు చూపిస్తుంది. గాల్లో ఉన్నప్పుడు ఆ 800 అడుగుల భ్రమ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే దిగే ముందు అక్కడి ఒత్తిడి ఎంతో టవర్ వాళ్ళు చెప్తారు, ఇతను ఆ నంబర్ తిప్పుకుంటాడు. బాగా పైకెళ్ళాక మాత్రం అందరూ సముద్ర మట్టం దగ్గర మామూలు ఒత్తిడి అని ఒప్పుకున్న 1013.25 హెక్టోపాస్కల్స్ పెట్టేసుకుంటారు, అది ఆ రోజు నిజమైనా కాకపోయినా సరే. అందరూ ఒకే తప్పు కొలబద్దతో కొలుచుకుంటే ఇద్దరి మధ్య దూరం సరిగ్గానే ఉంటుంది కదా, అక్కడ కావాల్సింది అదే.

వేడి ఇంకో తిరకాసు. వేడెక్కితే గాలి పల్చబడుతుంది, రెక్కలకి పట్టు తగ్గుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం రాజమండ్రిలో 45 డిగ్రీలు కొట్టిందంటే మధురపూడి రన్‌వే మీద విమానానికి అది మూడున్నర వేల అడుగుల కొండ మీదున్నట్టే, అంటే అరకు కన్నా పైన! చల్లదనం మాత్రం సున్నా. మనిషి ఊపిరితిత్తులకి ఆ బాధ లేదు, రక్తంలోకి ఆక్సిజన్‌ని నెట్టేది గాలి ఒత్తిడి, అది ఎండకి పెద్దగా మారదు.

అది కొండెక్కితే తగ్గుతుంది. పైన ఆక్సిజన్ ఉండదు అంటారు గానీ ఎక్కడైనా గాలిలో దాని వాటా 21 శాతమే, నెట్టే బలమే తక్కువ. మా పెద్దమ్మ వాళ్ళు యాత్ర బస్సులో వంటవాళ్ళని, బియ్యం బస్తాల్ని కూడా తీసుకుని బదరీనాథ్ వెళ్ళారు, అది దాదాపు 3,100 మీటర్లు. అక్కడ గిన్నెలో ఎసరు కళపెళా మరుగుతూనే ఉందట, అన్నం మాత్రం పలుకు. అక్కడ నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి మరి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు, కుక్కర్ ఉంటే తప్ప. వంటావిడ బియ్యాన్ని తిట్టింది పాపం.

తర్వాత కేదార్‌నాథ్, 3,583 మీటర్లు, హెలికాప్టర్‌లో నిమిషాల మీద పైకి. అక్కడ ఒత్తిడి మన ఊళ్ళో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు ఉంటుందంతే. పెద్దమ్మకి సాయంత్రానికి తలనొప్పి, వాంతి. అందరూ గ్యాస్ అనుకున్నారు. కాదు, ఎత్తుకి వచ్చే జబ్బు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు ఇది, వయసుతో పని లేదు, కుర్రాళ్ళకీ వస్తుంది. 3,000 దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కన్నా పెంచొద్దంటారు డాక్టర్లు, హెలికాప్టర్‌లో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? దీనికి వాడే డయామాక్స్ మాత్ర కిడ్నీల ద్వారా బైకార్బనేట్ అనే క్షారాన్ని బయటికి పంపి ఊపిరి ఎక్కువ తీసుకునేలా చేస్తుంది, డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. ఆయాసం కూర్చున్నా తగ్గకపోయినా, నడకలో తూలు వచ్చినా, మాట తడబడినా అసలు మందు కిందకి దిగడమే, పొద్దున చూద్దాంలే అనకూడదు. పెద్దమ్మని మర్నాడు దింపారు, కిందకొచ్చి ఇడ్లీ అడిగిందట.

ఎవరెస్ట్ సంగతి చదివి నేనే ఆశ్చర్యపోయా. 8,848 మీటర్ల ఎత్తులో ఒత్తిడి మామూలు లెక్కన 236 మిల్లీమీటర్ల పాదరసం ఉండాలి. 1981లో శిఖరం మీద నిజంగా కొలిస్తే 253 వచ్చింది. భూమధ్యరేఖ వైపు వాతావరణం ధ్రువాల దగ్గర కన్నా మందంగా ఉంటుంది, అందుకని. అంటే ఒంటి లెక్కలో ఎవరెస్ట్ మ్యాప్‌లో ఉన్నంత ఎత్తు కాదన్నమాట. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా 1978లో మెస్నర్, హాబెలర్ అనే ఇద్దరు పర్వతారోహకులు ఎక్కగలిగారంటే ఈ కాస్త తేడా కూడా కలిసొచ్చినట్టే.

మా ఇంటికొస్తే, పునాది ఎంత లేపాలని అడిగితే మేస్త్రీ సముద్రమూ చూడలేదు, ఫోనూ చూడలేదు, ఎదురుగా ఉన్న రోడ్డు చూసి "రెండున్నర అడుగులు చాలండి" అన్నాడు. సరే అన్నాం. మొన్న పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేశారు, ఎనిమిది అంగుళాలు లేచింది. శ్రావణంలో వానకి నీళ్ళు గేటు దాటి మెట్టు దాకా వచ్చాయి, మేస్త్రీకి ఫోన్ చేస్తే మళ్ళీ గొట్టం పట్టుకుని వస్తానన్నాడు.