నమిలే కండరం ఉబ్బినప్పుడు దాని కణజాలంలో ఏముంటుంది?

పళ్ళు గట్టిగా బిగించి, చెవికి కాస్త ముందుగా, దవడ మూల మీద వేళ్ళు ఆనిస్తే గట్టిపడి తగిలే కండరాన్ని మాసెటర్ అంటారు. కణతల మీది టెంపొరాలిస్, దవడ లోపలి వైపున్న రెండు టెరిగాయిడ్ కండరాలు దీనితో కలిసి నమిలే పనిని నడిపిస్తాయి. మాసెటర్, కొందరిలో దానితో పాటు టెంపొరాలిస్ కూడా, అసాధారణంగా పెరిగే స్థితిని 1880లో లెగ్ అనే వైద్యుడు ఒక పదేళ్ళ బాలికలో గమనించి మొదటిసారిగా వర్ణించాడు.

నిద్రలో పళ్ళు కొరకడం, పగలు తెలియకుండానే దవడ బిగించి ఉంచడం, ఎప్పుడూ ఒకే వైపు నమలడం దీనికి దోహదం చేస్తాయని భావిస్తారు గానీ, ఇలాంటి అలవాటేదీ కనిపించని వారూ చాలామందే ఉన్నారు.

శ్రమ వల్ల పెరిగిన కండరంలో సాధారణంగా తంతువులే లావెక్కుతాయి. ఒక్కొక్క తంతువులోనూ సంకోచించే ప్రోటీన్ పోగులు అదనంగా చేరతాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త గుర్తించిన శాటిలైట్ కణాలు (తంతువులను అంటిపెట్టుకొని ఉండే మూల కణాలు) ఆ తంతువులకు కొత్త కేంద్రకాలను అందిస్తాయి. డుషెన్ కండర క్షీణత అనే జన్యుపరమైన జబ్బులో పిక్కలు ఉబ్బడం ఇందుకు పూర్తిగా భిన్నం: అక్కడ నశించిన తంతువుల స్థానాన్ని కొవ్వు, పీచు కణజాలం ఆక్రమిస్తాయి కనుక, కండరం పెద్దదిగా కనిపిస్తూనే బలహీనపడుతుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు వాపుల్లో ఒకటి ఎక్కువైన కండరం, రెండవది కరిగిపోతున్న కండరం; ఆ తేడాను సూక్ష్మదర్శిని స్పష్టంగా చూపిస్తుంది.

అయితే మాసెటర్ విషయంలో ఈ పరిశీలన అంత సులువు కాదు. చేతులు, కాళ్ళ కండరాల్లో వేగంగా సంకోచించే తంతువులు నెమ్మదైన వాటికి దాదాపు సమానమైన మందంతో ఉంటే, ఆరోగ్యవంతమైన మాసెటర్‌లో మాత్రం వేగవంతమైనవి సహజంగానే సన్నగా ఉంటాయి. పైగా ఒకే తంతువులో రెండు మూడు రకాల మయోసిన్ (సంకోచాన్ని నడిపే ప్రోటీన్) కలిసి ఉండడం, నవజాత శిశువుల్లోనూ గుండెలోనూ ఉండే మయోసిన్ రకాలు పెద్దల మాసెటర్‌లో మిగిలి ఉండడం ఇక్కడ మామూలే. అందువల్ల తొడ కండరానికి వాడే కొలమానంతో మాసెటర్ నమూనాను చదివితే, సహజమైన వైవిధ్యమే జబ్బు లక్షణంగా కనిపించే ప్రమాదం ఉంది. తంతువులు లావెక్కడమే కాక వాటి సంఖ్య కూడా పెరుగుతుందేమోనన్న వాదన ఈ కండరం విషయంలోనూ ఉంది.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన విషయం, చాలామందికి సూక్ష్మదర్శిని పరీక్ష కోసం కండరం నుంచి ముక్క తీయవలసిన అవసరమే రాకపోవడం. పళ్ళు బిగించినప్పుడు వాపు గట్టిపడి మరింత స్పష్టమైతే, ఎమ్మారై చిత్రంలో అది మామూలు కండరంలాగే అంతటా ఒకే తీరుగా కనిపిస్తే, చెవి ముందుండే లాలాజల గ్రంథి అయిన పెరోటిడ్‌లోని కణితి, కండరంలో పెరిగే రక్తనాళాల గడ్డ వంటి అనుమానాలు చాలావరకు తొలగిపోతాయి. వాపు ఒక వైపే ఉన్నప్పుడు ఈ పరీక్షలను అస్సలు వదలకూడదు.

నొప్పి లేకపోతే చికిత్స తప్పనిసరి కాదు. ఈ వాపుకు 1994 నుంచి వాడుకలోకి వచ్చిన బొట్యులినమ్ టాక్సిన్ (బొటాక్స్) ఇంజెక్షన్, నాడీ చివరల నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకెళ్ళే రసాయనమైన అసిటైల్‌కోలిన్ విడుదలను అడ్డుకుంటుంది. ఆజ్ఞ అందని తంతువులు కొన్ని వారాల్లో సన్నబడతాయి. నెలలు గడిచేకొద్దీ నాడీ సంబంధం తిరిగి ఏర్పడుతుంది గనుక, దవడ బిగించే అలవాటు కొనసాగితే కండరం మళ్ళీ పెరుగుతుంది. కండరం లాగిన లాగుడుకు దవడ మూలలో ఎముక బయటికి పొడుచుకొని వచ్చి ఉంటే మాత్రం ఈ ఇంజెక్షన్ దాన్ని తగ్గించలేదు. దాన్ని శస్త్రచికిత్సతోనే చెక్కి తీయాలి. కింది పెదవిని కదిలించే ముఖనాడి శాఖ ఆ పక్కనే సాగుతుంది కాబట్టి, శస్త్రవైద్యులు చాలావరకు నోటి లోపలి నుంచే ఆ చోటికి చేరుకుంటారు.