అందరూ అదే గుహకు, అదే రైలుకు: మయోర్కా విహారయాత్రల వెనక కథ

2024 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే స్పెయిన్ ద్వీపం మయోర్కా ఆగ్నేయ తీరంలోని కాలో దెస్ మోరో అనే బుల్లి రేవుకు సుమారు మూడు వందల మంది ఊరివాళ్లు వచ్చి ఇసుకలో తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు. తమ సముద్రంలో తాము ఒక్క రోజైనా మునకేయాలన్నది వాళ్ల పట్టుదల. రెండు కొండచరియల మధ్య ఇరుక్కున్న ఆ ఇసుక తునకకు వేసవిలో రోజుకు నాలుగు వేల మంది వస్తున్నారని సాంతాన్యీ పురపాలక సంఘమే చెప్పింది. నెల తిరగ్గానే జులై 21న రాజధాని పాల్మా వీధుల్లో ఊరేగింపు జరిగింది. వేల మంది కదిలారు. "మయోర్కా అమ్మకానికి లేదు" అన్నది వాళ్ల నినాదాల్లో ఒకటి.

పిల్లల బడి సెలవులకు అక్కడ గదులు తీసుకున్న కుటుంబాలు ఆ వార్తలు చూసి కంగారుపడ్డాయి. బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో ఉంటున్న మన తెలుగు ఇళ్లలోనూ "వెళ్లొచ్చా, మానుకుందామా?" అన్న మాట వినిపించింది. ఈ కోపం ఇవాళ్టిది కాదు. హోటళ్లు ఎన్ని లేచాయన్న లెక్కతోనే దీన్ని అర్థం చేసుకోలేమని నా అభిప్రాయం. హోటల్లో దిగిన మనిషి పొద్దున లేచి ఎటు వెళ్తున్నాడు, ఆ దారి ఎవరు వేశారు అన్నది కూడా చూడాలి. అక్కడే అసలు కథ ఉంది.

ముందు కొలత చెప్పుకుందాం. మయోర్కాను ఇంగ్లీషువాళ్లు మజోర్కా అంటారు. విస్తీర్ణం 3,640 చదరపు కిలోమీటర్లు, అంటే పాత నిజామాబాద్ జిల్లాలో సగానికి లోపే. జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. 2024లో అక్కడికి వచ్చిన పర్యాటకులు 1.3 కోట్లకు పైగా. ఆ ఏడు పాల్మా విమానాశ్రయం నుంచి 3.3 కోట్ల మంది ప్రయాణికులు రాకపోకలు సాగించారు.

ఈ ద్వీపానికి సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాల్లో పేరు మిగిలిన మొదటిది 1838 నవంబరులో దిగింది. ఫ్రెంచి రచయిత్రి జార్జ్ శాండ్ తన కొడుకునూ కూతురునూ, జబ్బుతో ఉన్న సంగీతకారుడు షోపాన్‌నూ వెంటబెట్టుకుని వచ్చింది. వెచ్చటి ఎండ దొరుకుతుందనుకుంటే వానలు పట్టుకున్నాయి. అంతకు రెండు మూడేళ్ల ముందే స్పెయిన్ ప్రభుత్వం మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకుని సన్యాసులను పంపేసింది. అలా ఖాళీ అయిన వాల్దెమోసా మఠంలో వాళ్లకు అద్దెకు గదులు దొరికాయి. షోపాన్ దగ్గు చూసి ఊరివాళ్లు దూరం జరిగారు. పారిస్ నుంచి రావలసిన పియానో జనవరికి గాని చేరలేదు. ఫిబ్రవరిలో పందులను ఎగుమతి చేసే ఆవిరి ఓడలోనే వాళ్లు తిరుగుప్రయాణం కట్టారు. శాండ్ ఆ శీతాకాలం గురించి రాసిన పుస్తకంలో ద్వీపవాసులను కఠినంగా తిట్టిపోసింది. అదే పుస్తకం ఇప్పుడు వాల్దెమోసా దుకాణాల్లో రకరకాల భాషల్లో అమ్ముడవుతుంది. షోపాన్ ఏ గదిలో ఉన్నాడు, ఏ పియానో వాయించాడు అన్నదానిమీద ఆ గదుల సొంతదారులు కోర్టుకెక్కితే 2011లో తీర్పు వచ్చింది. ఒక్క శీతాకాలపు బస ఊరికి ఎంత ఆస్తి అయిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆ తర్వాత వచ్చినవాడు ఆస్ట్రియా రాజవంశీకుడు, ఆర్చిడ్యూక్ లుడ్విగ్ సాల్వతోర్. 1867లో తొలిసారి అడుగుపెట్టి, 1872 నుంచి వాయవ్య తీరపు కొండల్లో భూములు కొంటూ పోయాడు. చెట్లు కొట్టనివ్వలేదు. సముద్రం కనిపించే అంచుల్లో కాలిబాటలు వేయించాడు, నిలబడి చూసేందుకు అరుగులు కట్టించాడు. దారినపోయేవాళ్లు మూడు రోజులు ఉచితంగా ఉండేందుకు ఒక సత్రం నడిపాడు. ఫ్రెంచి గుహాన్వేషకుడు మార్తెల్‌ను 1896లో పిలిపించి తూర్పు తీరంలోని ద్రాక్ గుహలను పరిశోధింపజేసినవాడు కూడా ఆయనే. నేల అడుగున సుమారు 170 మీటర్ల పొడవున్న సరస్సు అప్పుడు బయటపడింది. మార్తెల్ పేరే దానికి పెట్టారు. బొర్రా గుహలు చూసినవాళ్లకు ఆ సున్నపురాతి ఊడల అందం వేరే చెప్పక్కర్లేదు. దానికింద నిశ్చలమైన నీరు కూడా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1935 నుంచి ఆ సరస్సు మీద దీపాల పడవల్లో వాద్యకారులు వచ్చి కచేరీ చేస్తున్నారు. తొంభై ఏళ్లుగా మయోర్కాకు వచ్చే కుటుంబం చూసి తీరవలసిన చోటు అదే.

రైలు కథ ఇంకా ముచ్చటైనది. కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఉంది సోయెర్ అనే ఊరు. నారింజ తోటలే దాని సంపద. కొండ దాటి పాల్మా చేరడం కన్నా పడవెక్కి ఫ్రాన్సు వెళ్లడం వాళ్లకు తేలికగా ఉండేది; ఊళ్లో చాలామంది చుట్టాలూ అక్కడే పళ్ల వ్యాపారంలో ఉండేవారు. ఊరివాళ్లే వాటాలు వేసుకుని, 13 సొరంగాలు తొలిపించి, 27 కిలోమీటర్ల రైలుమార్గం వేయించారు. 1912 ఏప్రిల్‌లో బండి నడిచింది. ప్రభుత్వ సాయం రావాలంటే మార్గం కనీసం 30 కిలోమీటర్లుండాలని నియమం. అందుకని ఊరినుంచి రేవు దాకా ట్రాము పట్టాలు కూడా వేశారు. నారింజలు మోయడానికి పుట్టిన బండి అది. అప్పటి చెక్కపెట్టెల్లోనే ఇప్పటికీ నడుస్తోంది, కాకపోతే ఎక్కేవాళ్లు దాదాపు అందరూ యాత్రికులే.

గుహ ఒకరి కుతూహలం వల్ల, రైలు ఒక ఊరి అవసరం వల్ల ఏర్పడ్డాయి. ఆ రెంటికీ భిన్నంగా యాత్రికుల కోసమే తవ్విన దారి సా కలోబ్రా రోడ్డు. 1932లో ఆంతోనియో పారియెత్తీ అనే ఇంజనీరు, కొండ కొమ్ము నుంచి సముద్రమట్టం దాకా ఒక్క సొరంగమైనా లేకుండా, పన్నెండు పదమూడు కిలోమీటర్ల మెలికల దారి గీశాడు. ఒక చోట రోడ్డు తన కిందనుంచే తాను దూరి పోతుంది. దాన్ని అక్కడ 'టై ముడి' అంటారు. అంతకుముందే, 1905లో, పాల్మా వ్యాపారులూ పాత్రికేయులూ కలిసి పర్యాటక ప్రోత్సాహక సంఘం పెట్టుకున్నారు. చూడవలసిన చోట్లకు దారులు బాగుచేయించడం, కరపత్రాలు వేయించడం వాళ్ల పని. 1930ల నడుమకల్లా ఒక రోజు యాత్రకు కావలసిన చోట్లన్నీ సిద్ధమయ్యాయి. ఇవాళ బ్రోషర్లో కనిపించే పేర్లు చాలావరకు అప్పటివే.

తర్వాత అంతర్యుద్ధం, ప్రపంచయుద్ధం. మళ్లీ జనం కదిలింది 1950లో. ఆ ఏడు వ్లదీమిర్ రైట్జ్ అనే యువకుడు ఇంగ్లండ్ నుంచి ఒక చిన్న డకోటా విమానం అద్దెకు తీసుకుని కొద్దిమందిని కోర్సికా ద్వీపానికి తీసుకెళ్లాడు. ప్రయాణం, గుడారాల్లో బస, భోజనం అన్నీ కలిపి మనిషికి 32 పౌండ్ల 10 షిల్లింగులు. విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ మాత్రమే ఎక్కించుకోవాలని ప్రభుత్వం షరతు పెట్టింది. విమానంలో వెళ్లే ప్యాకేజీ టూరు అలా మొదలైంది. రెండేళ్లకే అతని కంపెనీ మయోర్కా వైపు తిరిగింది. 1959లో స్పెయిన్ తన నాణెం పెసెటా విలువ తగ్గించి విదేశీ సొమ్ముకు తలుపులు తెరిచింది. 1960లో పాల్మా కొత్త విమానాశ్రయం ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. ఆపైన తీరం పొడవునా కాంక్రీటు లేచిన తీరు ఎంతటిదంటే, అలా పాడవడానికి 'బలేయరీకరణ' అని, మయోర్కా ఉన్న బలేయరిక్ దీవుల పేరు మీదే స్పానిష్‌లో ఒక మాట పుట్టింది.

బస్సు యాత్ర వెనక లెక్క ఇక్కడ చెప్పాలి. కంపెనీలు ఒకరితో ఒకరు పోటీపడి ప్యాకేజీ ధర కోసేసేవి. విమానం మీద, గది మీద మిగిలేది చిల్లర. లాభం రావలసింది యాత్రికుడు దిగాక కొనేవాటి మీద. అందుకే వచ్చిన మర్నాడే హోటల్లో అందరినీ కూర్చోబెట్టి, చేతికో గ్లాసు సంగ్రియా అనే పళ్ల వైను ఇచ్చి, కంపెనీ ప్రతినిధి వారం రోజుల టూర్ల పుస్తకం తెరిచేవాడు. సోమవారం గుహలు, ఫలానా రోజు రైలూ ట్రామూ పడవా కలిపిన ద్వీప ప్రదక్షిణ, గురువారం 'ఇంకా' అనే పట్నంలో సంత, ఒక రాత్రి మాంసం కాల్పుల విందు. 1966 నుంచి 1970 దాకా బ్రిటన్ పౌరుడు సెలవుకు తీసుకోగలిగింది 50 పౌండ్లకు సరిపడా విదేశీ సొమ్మే. భాష రాదు, కారు లేదు, చేతిలో సొమ్ము అంతంత. పిల్లలున్న ఇంటికి టూరు బస్సును మించిన దారి ఇంకేముంటుంది? ప్రతినిధికి ప్రతి టిక్కెట్ మీదా కమీషను ముట్టేది. బస్సు మనకోర్‌లో ముత్యాల కర్మాగారం ముందు, ఇంకాలో తోలు దుకాణం ముందు ఆగేది. ఆ కమీషను వేరు. ఆ ముత్యాలు సముద్రంలోవి కావు, గాజుపూసకు చేప పొలుసుల మెరుపు పూసి చేసేవి. కానీ ఆ పనితనం నిజమైనదే, 20వ శతాబ్ది మొదటినుంచీ ఆ ఊరికి అన్నం పెట్టింది.

ఆ ఏర్పాటులో దోపిడీ ఉంది, కాదనను. ఎండలో నలభై నిమిషాలు దుకాణం ముందు నిలబెట్టడం పసిపిల్లల తల్లికి శిక్షే. అయినా దానివల్ల ద్వీపానికి ఒక మేలు జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు. జనం ఒక తాడు మీదే నడిచేవారు. ఏభై మంది ఒక బస్సులో వెళ్లి, తట్టుకోగల నాలుగైదు చోట్లు చూసి, సాయంత్రానికి హోటల్‌కు చేరేవారు. మిగతా పల్లెలు, చిన్న రేవులు ఊరివాళ్లకే మిగిలేవి.

ఆ తాడు తెగింది. చౌక విమానాల కాలంలో ప్యాకేజీ కంపెనీతో పనిలేకుండా పోయింది. అద్దె కారు, ఫోన్లో పటం, ఫోన్లోనే ఫొటోలు. సోయెర్ ఊరినే చూడండి. 1997లో కొండకింద రోడ్డు సొరంగం తెరిచారు. దానికి టోలు కట్టాల్సి వచ్చేది. ఆ టోలు తీసేయాలని ఊరివాళ్లు ఏళ్ల తరబడి అడిగారు, 2017 డిసెంబరులో తీసేశారు. ఆ వెంటనే కార్లు పోటెత్తి, నారింజ తోటల లోయలో వేసవి పొద్దుల్లో బండి కదలని పరిస్థితి వచ్చింది. కాలో దెస్ మోరోకు ఏ టూరు బస్సూ జనాన్ని తీసుకుపోలేదు, ఫొటోలే తీసుకుపోయాయి.

అంతకన్నా లోతైన గాయం ఇంటి అద్దె. యాత్రికుడు హోటల్లో ఉన్నంత కాలం ఊరివాడి ఇల్లు ఊరివాడిదే. అపార్టుమెంట్లలోని ఫ్లాట్లు వారాల లెక్కన అద్దెకు పోవడం మొదలయ్యాక, టీచరుకూ నర్సుకూ హోటల్లో పక్కలు మార్చే మనిషికీ ఇల్లు దొరకడం కష్టమైంది. 2018లో పాల్మా నగరపాలన అపార్టుమెంట్లలో యాత్రికుల అద్దెలను నిషేధించడానికి కారణం ఇదే. ఊరేగింపుల్లో అట్టలు పట్టుకున్నవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చిన యాత్రికుల మీద పగతో రాలేదు, ఇంటి గడప కోసం వచ్చారు. ఈ తేడా వార్తల్లో చాలావరకు పోయింది.

ప్రభుత్వాలు ఊరుకున్నాయని కాదు. 2002లో యాత్రికులపై పర్యావరణ పన్ను వేస్తే హోటళ్ల యజమానులు భగ్గుమన్నారు. ప్రభుత్వం మారి మర్నాటి ఏడే రద్దయింది. 2016లో మళ్లీ తెచ్చారు, 2018లో రెట్టింపు చేశారు. అప్పటి లెక్కన వేసవిలో రాత్రికి మనిషికి ఒకటి నుంచి నాలుగు యూరోలు, పదహారేళ్ల లోపు పిల్లలకు లేదు. 2022లో క్రూయిజ్ కంపెనీలతో ఒప్పందం చేసుకుని, పాల్మా రేవుకు రోజుకు మూడు ఓడలకు మించి రాకుండా, వాటిలో అయిదు వేల మంది పైబడి పట్టేది ఒకటికి మించకుండా కట్టడి చేశారు. అదే ఏడు చేసిన చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది: గదులు సర్దే ఆడవాళ్ల నడుములు విరగకుండా, హోటళ్లలో ఎత్తు పెంచుకునే మంచాలు పెట్టాలని. ఫొర్మెంతోర్ దీపస్తంభం దారిలో వేసవి పగళ్లలో సొంత కార్లను ఆపి బస్సులు నడుపుతున్నారు. మొత్తానికి బస్సే మళ్లీ దిక్కయింది.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక పడవ ప్రయాణం గురించే. ద్వీపానికి పడమటి కొసన సాంత్ ఎల్మ్ అనే ఊరు, దాని ఎదురుగా సముద్రంలో ద్రాగొనేరా అనే సన్నటి దీవి ఉన్నాయి. 1974లో ఒక సంస్థ ఆ దీవిని కొని, విలాస భవనాల కాలనీ కట్టబోయింది. 1977 జులైలో కొందరు యువకులు పడవల్లో వెళ్లి దీవిని ఆక్రమించుకుని అక్కడే గుడారాలు వేశారు. వాళ్లకు తోడుగా జనం, పక్షిశాస్త్రంతో మొదలై పర్యావరణ రక్షణకు దిగిన 'గోబ్' అనే సంఘం నిలబడ్డాయి. ఏళ్లపాటు కోర్టుల్లో నలిగాక, 1987లో మయోర్కా పాలకమండలి దీవిని కొనేసింది. 1995లో అది ప్రకృతి ఉద్యానమైంది. 2024లో వీధికెక్కినవాళ్లలో తల నెరిసినవాళ్లకు ఈ కథ కొత్త కాదు.

సాంత్ ఎల్మ్ నుంచి పడవలో పావుగంట. దీవిలో హోటల్ లేదు. నీళ్లు, తిండి మనమే పట్టుకెళ్లాలి. దీపస్తంభాల దాకా కాలిబాటలున్నాయి. బలేయరిక్ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని చిన్న బల్లులు ఆ బాటల మీద పిల్లల కాళ్ల మధ్యనుంచి బెదురు లేకుండా పరిగెడుతుంటాయి.