మే నెలలో మైపాడు నుంచి త్రిశంకు

మే నెలలో కరెంటు పోతే తిట్టుకుంటూ మిద్దె ఎక్కుతాం కదా, ఎక్కినాక ఒకసారి దక్షిణం వైపు తిరగండి. నెల మధ్యలో అయితే రాత్రి తొమ్మిదికల్లా త్రిశంకు (ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అనే నక్షత్రాల గుంపు) నిటారుగా నిలబడి ఉంటుంది, నాలుగు చుక్కల గాలిపటంలా. ఎత్తేమీ ఉండదు. చేయి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. నెల్లూరు నుంచి త్రిశంకు అడుగు చుక్క నేలకు ఒక పిడికిలి కంటే కొంచెం పైన, పై చుక్క రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. అందుకే ఊళ్లో పక్కింటి వాటర్ ట్యాంకే అడ్డమొస్తుంది. నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ ఇసుకలో నిలబడి తీరం వెంబడి చూస్తే ఆ గొడవ లేదు. శ్రీహరికోట అక్కడికి దాదాపు సూటిగా దక్షిణానే ఉంది, రాకెట్ మంట లేచే వైపే ఇదీనూ. రొయ్యల గుంటల లైట్లకు మాత్రం వీపు పెట్టి నిలబడాలి, అమావాస్య దగ్గర రోజులైతే మరీ మంచిది.

ఢిల్లీలో ఉండేవాళ్లకు ఈ అడుగు చుక్క అసలు ఉదయించదు. మనం 14 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం కాబట్టి దక్కింది.

గుర్తు పట్టడానికి ముందు నడినెత్తికి కాస్త దక్షిణంగా హస్త నక్షత్రాన్ని (ఇంగ్లీషులో కార్వస్ అనే చుక్కల గుంపు) పట్టుకోండి, అక్కడి నుంచి సూటిగా కిందికి దిగితే త్రిశంకే. పై చుక్క ఎర్రగా ఉంటుంది, మిగతావి నీలం కలిసిన తెలుపు. (కథలో హరిశ్చంద్రుడి తండ్రి త్రిశంకుడు తలకిందులుగా వేలాడాడు కాబట్టి ఆ ఎర్ర చుక్కే ఆయన కాళ్లనుకోవాలేమో!) నేను ఒక ఏప్రిల్లో దీనికి కుడివైపున ఉండే ఇంకో నాలుగు చుక్కల్ని చూసి ఇదే త్రిశంకని ఇంట్లో అందరినీ లేపి మరీ చూపించాను. అది దొంగ త్రిశంకు, సైజు పెద్దది, వెలుగు తక్కువ. అసలుదానికి ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలు కాపలా ఉంటాయి, దొంగదానికి ఉండవు.

ఆ రెండిట్లో త్రిశంకుకు దూరంగా ఉన్నదే ఆల్ఫా సెంటారీ. సూర్యుణ్ణి పక్కన పెడితే మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం, 4.37 కాంతి సంవత్సరాలు. పదకొండు దాకా మేలుకుంటే ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తుకు వస్తుంది. 1689లో పుదుచ్చేరిలో ఉన్న జాఁ రిషో అనే ఫ్రెంచి ఫాదర్ తోకచుక్కను చూస్తూ టెలిస్కోపు ఇటు తిప్పితే ఒకటనుకున్న చుక్క రెండుగా కనిపించింది. మన తీరం మీదే, కాస్త కింద! అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 80 ఏళ్లు పడుతుంది. వీటికంటే కొంచెం దగ్గరగా ప్రాక్సిమా అని మూడోది ఉంది గానీ మామూలు కంటికి ఆనదు.

బైనాక్యులర్స్ ఉంటే ఇంకొకటి. నెలాఖరులో తొమ్మిదింటికి చిత్త నక్షత్రం (స్పైకా) నుంచి సూటిగా కిందికి మూడున్నర పిడికిళ్లు దిగండి, మసక చుక్క ఒకటి తగులుతుంది. మబ్బు మరక అనుకుని లెన్సు తుడుచుకుంటారు, పోదు. ఒమేగా సెంటారీ అది, సుమారు కోటి నక్షత్రాల గుంపు. జూన్ వచ్చిందంటే మబ్బులు మొదలు, పైగా ఇవన్నీ రోజుకు 4 నిమిషాలు ముందుకు జరుగుతూ సాయంత్రం వెలుతురులో కలిసిపోతాయి.