వార్ఫరిన్ నుంచి అపిక్సబాన్‌కి మారారా? ముందు ఈ అపోహ వదలండి

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మానేసి, అదే పనికి వాడే అపిక్సబాన్ మొదలుపెట్టినవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "దీనికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే టెస్టు) కూడా చూడక్కర్లేదటగా, అంటే తేలికపాటి మందేగా!" ఆ ధీమాతో ప్రయాణంలో బిళ్ళలు మర్చిపోతారు, స్ట్రిప్ అయిపోయాక రెండు రోజులకి కొంటారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవాళ్ళకి ఈ 'ఏమవుతుందిలే' పక్షవాతం దాకా తీసుకెళ్ళగలదు.

అపోహ: టెస్టు లేని మందు కాబట్టి ఒకటి రెండు డోసులు పోయినా ఫర్వాలేదు.

సరిగ్గా తలకిందులు. డోసు తప్పినా కొంత ఓర్చుకునేది వార్ఫరినే. రక్తంలో అప్పటికే తిరుగుతున్న గడ్డకట్టించే ప్రోటీన్ల (ఫ్యాక్టర్ల) జోలికి అది పోదు. విటమిన్ కె మళ్ళీ వాడకంలోకి రాకుండా అడ్డుపడి, లివర్‌లో కొత్తగా తయారయ్యే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లను పనికిరాకుండా చేస్తుంది. పాతవి అరిగిపోయేదాకా ఆగాలి. 7వ ఫ్యాక్టర్ సుమారు 6 గంటల్లో సగమవుతుంది, 2వ దానికి రెండున్నర రోజులు పడుతుంది. అందుకే వార్ఫరిన్ పూర్తిగా పట్టు దొరికించుకోవడానికి కనీసం 5 రోజులు, మానేశాక ఐఎన్ఆర్ మామూలుకి రావడానికీ దాదాపు అంతే. మధ్యలో ఒక్క బిళ్ళ పోతే ఐఎన్ఆర్ కాస్త జారుతుందేమో గానీ, రక్షణ ఒక్కసారిగా పోదు.

అపిక్సబాన్ నేరుగా 10ఎ ఫ్యాక్టర్‌ని (10వ ఫ్యాక్టర్ పనిచేసే రూపాన్ని) పట్టుకుంటుంది. మూడు నాలుగు గంటల్లో గరిష్ఠానికి చేరుతుంది, సుమారు 12 గంటల్లో సగమవుతుంది. లెక్క వేసి చూడండి. చివరి బిళ్ళ శుక్రవారం రాత్రి 8కి వేసుకున్నారనుకుందాం. శనివారం పొద్దున 8కి సగం మిగులుతుంది, రాత్రి 8కి పావు, ఆదివారం పొద్దున అరపావు, రాత్రికి వీసం. అంటే వారాంతం ముగిసేసరికి మీకు మందు లేనట్టే, పైగా ఆ సంగతి చెప్పే ఐఎన్ఆర్ కూడా లేదు. రోజుకి రెండుసార్లు వేసుకోమనేది ఇందుకే. రెండూ కలిపి ఒకేసారి మింగితే సరిపోదు.

అపిక్సబాన్ డోసు మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తర్వాతది మామూలు టైముకే. రెట్టింపు వేయకండి. వార్ఫరిన్‌కైతే అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు గుర్తొస్తే ఆ డోసు వదిలేసి రాసిపెట్టుకోవాలి. పొద్దున, రాత్రి అని రెండు గళ్ళున్న పిల్ బాక్స్ కొనుక్కోండి. వేసుకున్నానా లేదా అన్న సందేహం అక్కడే తీరిపోతుంది. పన్ను పీకించుకోవాలని మీ అంతట మీరు నాలుగు రోజులు ఆపేయడం మరీ ప్రమాదం. చాలాసార్లు ఆపే పనే ఉండదు, లేదా ఒక్క డోసు ఆపితే సరిపోతుంది. ఆ నిర్ణయం మందు రాసిన డాక్టర్‌దీ, పన్ను పీకే డాక్టర్‌దీ.

ఇంకో మాట. మారేటప్పుడు వార్ఫరిన్ ఆపి, ఐఎన్ఆర్ 2 కంటే తగ్గాకే అపిక్సబాన్ మొదలుపెట్టాలి. ఇంట్లో మిగిలిన వార్ఫరిన్ ఉంచుకోవద్దు. రెండూ కలిపి వేసుకునే పొరపాటు అలాగే మొదలవుతుంది.

అపోహ: వయసు పైబడితే సగం డోసు చాలు.

ఇది పేషెంట్లదే కాదు, చీటీ రాసేవాళ్ళలోనూ ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో మామూలు డోసు 5 మి.గ్రా. రోజుకి రెండుసార్లు. వయసు 80 లేదా పైన, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.5 లేదా ఎక్కువ: ఈ మూడింటిలో కనీసం రెండు ఉంటే 2.5. వయసు 82, బరువు 70, క్రియాటినిన్ 1.1 అయితే ఒక్కటే కుదిరింది, కాబట్టి 5 మి.గ్రా.నే. అదే మనిషి బరువు 56 అయితే 2.5. భయంతో సగం చేస్తే రక్తస్రావం భయం తీరకపోగా పక్షవాతం నుంచి కాపు తగ్గుతుంది. కాలి సిరలో గడ్డకి ఈ లెక్క వర్తించదు. అక్కడ మొదటి 7 రోజులు 10 మి.గ్రా. రెండుసార్లు, తర్వాత 5. ఇక 'టెస్టు లేదు' అన్నది ఐఎన్ఆర్ మాటే. క్రియాటినిన్, హిమోగ్లోబిన్ కనీసం ఏడాదికోసారి చూడాలి, కిడ్నీలు బలహీనమైతే ఇంకా తరచుగా.

మిగతావి గబగబా.

అపిక్సబాన్ వాడుతూ ఐఎన్ఆర్ చేయిస్తే 1.2 వచ్చింది, మందు పనిచేయట్లేదా? అలా అనుకోనక్కర్లేదు. ఆ టెస్టు దీన్ని కొలవలేదు.

ఆకుకూరలు మానేయాలా? వార్ఫరిన్‌తో కూడా అక్కర్లేదు, వారం వారం ఒకేలా తింటే చాలు. అపిక్సబాన్‌కి ఆ బాధే లేదు.

కొత్తదే అందరికీ మంచిదా? 2011 నాటి అరిస్టాటిల్ ట్రయల్‌లో 18,201 మంది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పేషెంట్లలో అపిక్సబాన్ వాడినవాళ్ళకి వార్ఫరిన్ వాళ్ళకంటే మెదడులో రక్తస్రావం సగానికి పైగా తగ్గింది. కానీ గుండెలో మెటల్ వాల్వు ఉంటే వార్ఫరినే. అలాంటి వాల్వు వాళ్ళలో అపిక్సబాన్‌ని పరీక్షించిన ట్రయల్‌ని గడ్డలు ఎక్కువవడంతో 2022లో మధ్యలోనే ఆపేశారు. గుండెలోని మైట్రల్ వాల్వు బాగా సన్నబడినవాళ్ళకీ వార్ఫరినే.

వేరే మందులు? ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు వార్ఫరిన్‌తోనూ వద్దు, అపిక్సబాన్‌తోనూ వద్దు. మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్, కోట్రైమాక్సజోల్ మొదలైతే వార్ఫరిన్ వాళ్ళు మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకోవాలి. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్, కార్బమజెపైన్ రెండు మందులనీ బలహీనపరుస్తాయి. వార్ఫరిన్ అయితే ఐఎన్ఆర్ పట్టేస్తుంది, అపిక్సబాన్‌లో చడీచప్పుడు ఉండదు.

పళ్ళు తోముతుంటే చిగుళ్ళలో రక్తం కనబడితే కంగారు సహజమే. మెత్తటి బ్రష్ వాడండి, డాక్టర్‌కి చెప్పండి, మందు మాత్రం ఆపకండి. విరేచనం తారులా నల్లగా అయినా, తలకి దెబ్బ తగిలినా (నొప్పి లేకపోయినా సరే) నేరుగా ఎమర్జెన్సీకి. చివరి బిళ్ళ ఎన్ని గంటలకి వేసుకున్నారో అక్కడ తప్పకుండా అడుగుతారు.