బొగ్గుల గ్రిల్ మీద మ్యాక్ అండ్ చీజ్

అమెరికాలో ఎండాకాలం వచ్చిందంటే పెరట్లో బొగ్గుల గ్రిల్ రాజుకుంటుంది. దాని మీద మాంసం కాల్చడం అందరికీ తెలిసిందే. అదే గ్రిల్‌లో ట్రే నిండా మ్యాక్ అండ్ చీజ్ (ఉడికించిన మాకరోనీ పాస్తాను చీజ్ సాస్‌లో కలిపి చేసే వంటకం) పెట్టి, మూత వేసి, ఓవెన్‌లో చేసినట్టు బేక్ చేసేవాళ్లూ ఉన్నారు. మాంసం ముట్టని అతిథులు వచ్చే మనవాళ్ల ఇళ్లకు ఇది బాగా పనికొచ్చే ఏర్పాటు. కానీ అలవాటు లేని చేతిలో అడుగు మాడిపోతుంది, పైభాగం పాలిపోయినట్టే ఉంటుంది, మధ్యలో చీజ్ విరిగి నూనె తేలుతుంది. తప్పు వంటకానిది కాదు. నిప్పుల వేడి ఓవెన్ వేడిలా నడుచుకోదు, అంతే.

ఈ వంటకాన్ని అమెరికాకు పరిచయం చేసిన ఘనత అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌దని చెప్పుకుంటారు. 1802లో ఆయన ఇచ్చిన విందులో మాకరోనీ వడ్డించిన మాట నిజమే. తిన్న అతిథి మెనాసా కట్లర్ తనకది రుచించలేదని డైరీలో రాసుకున్నాడు కూడా. నా లెక్కలో మాత్రం ఆ పేరులో పెద్ద వాటా జేమ్స్ హెమింగ్స్‌ది. జెఫర్సన్ దగ్గర బానిసగా ఉన్న ఇతను 1784లో ఆయన వెంట పారిస్ వెళ్లి ఫ్రెంచి వంట నేర్చుకుని వచ్చాడు. ఇవాళ్టికీ నల్లజాతి అమెరికన్ల పండగ భోజనంలో మ్యాక్ అండ్ చీజ్ లేకపోతే లోటే.

ఇక వేడి సంగతి. బూడిద పట్టి ఎర్రగా కణకణలాడే బొగ్గు ఉపరితలం సుమారు 700 డిగ్రీల సెల్సియస్ ఉంటుందనుకుందాం. వస్తువు నుంచి వికిరణం రూపంలో వెలువడే వేడి దాని పరమ ఉష్ణోగ్రతకు (మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌ను సున్నాగా తీసుకుని లెక్కించేది) నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 190 డిగ్రీల ఓవెన్ గోడతో పోల్చి లెక్క వేస్తే, అంతే వైశాల్యమున్న నిప్పుల నుంచి దాదాపు 20 రెట్లు వేడి వస్తుంది. దానికి ఎదురుగా పల్చటి అల్యూమినియం ట్రే పెడితే అడుగు మాడకుండా ఎలా ఉంటుంది? అందుకే నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టి, ట్రేని రెండో పక్కన పెట్టాలి. అప్పుడు వంట చేసేది ప్రధానంగా మూత కింద తిరిగే వేడిగాలి.

ఈ పద్ధతికి సరిగ్గా సరిపోయేది గుండ్రటి మూత ఉన్న కెటిల్ గ్రిల్. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన తను పనిచేసే వెబర్ కార్ఖానాలో, ఓడలకు గుర్తుగా నీళ్ల మీద తేలే బోయ్‌ల (buoy) కోసం చేసే లోహపు గోళాన్ని రెండు సగాలుగా తీసుకుని దీన్ని తయారుచేశాడు. కింది రంధ్రాల్లోంచి గాలి లోపలికి వస్తుంది, పై రంధ్రంలోంచి పొగ బయటికి పోతుంది. మంట పెంచి తగ్గించే మర ఏదైనా ఉందంటే అది ఆ కింది రంధ్రాలే. వాటిని సగం మూస్తే ఆక్సిజన్ తగ్గి నిప్పులు నెమ్మదిస్తాయి. ఉడికిందో లేదో అని మాటిమాటికీ మూత ఎత్తి చూస్తే రెండు నష్టాలు: వేడిగాలి ఒక్కసారిగా పోతుంది, కొత్త గాలి తగిలి బొగ్గులు మరింత రాజుకుంటాయి. మళ్లీ మూత వేశాక వేడి మనం అనుకున్నదాన్ని దాటిపోతుంది.

పక్కన పెట్టినంత మాత్రాన వేడి సమంగా తగలదు. పావుగంటయ్యాక చూస్తే నిప్పుల వైపు అంచు కుతకుతలాడుతూ, ట్రే గోడ వెంబడి పసుపుపచ్చ నూనె గీత కనిపిస్తుంది. అవతలి అంచులో కదలికే ఉండదు. ట్రేని సగం తిప్పి పెట్టాల్సిన సమయం అదే. మందపాటి ఇనప మూకుడైతే ఈ తేడా నిదానంగా వస్తుంది కాబట్టి నా ఓటు దానికే.

ఆ నూనె గీత ఎందుకొచ్చింది? చీజ్ అంటే కేసిన్ అనే ప్రోటీన్ అల్లిన వల. ఆ వలలో కొవ్వు, నీళ్లు చిక్కుకుని ఉంటాయి. ప్రోటీన్లను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే జిగురు కాల్షియం. 32 డిగ్రీల దగ్గర కొవ్వు కరగడం మొదలవుతుంది. చెడార్ లాంటి చీజ్‌లో వల సడలి మొత్తం జారుగా అయ్యేది 65 డిగ్రీల ప్రాంతంలో, గట్టి పార్మెసాన్ అయితే 82 దగ్గర. అక్కడితో ఆగితే బాగానే ఉంటుంది. వేడి ఇంకా ఎక్కితే ప్రోటీన్లు మళ్లీ దగ్గరకు ముడుచుకుని కొవ్వునూ నీళ్లనూ బయటికి పిండేస్తాయి. అదే చీజ్ విరగడం. మన పనీర్ ఎంత వేయించినా కరగకపోవడానికి కారణం ఈ కాల్షియం జిగురు లేకపోవడమే. నిమ్మరసం పులుపుకి కాల్షియం చాలావరకు కరిగి వెళ్లిపోతుంది. వేడి పాలలోని ప్రోటీన్లు నేరుగా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ ముడి వేడికి వీడదు.

విరగకుండా కాపాడటానికి పాత ఉపాయం వెన్నలో మైదా వేయించి పాలు పోసి చేసే వైట్ సాస్. మైదాలోని పిండి రేణువులు ఉబ్బి, సాస్‌ను చిక్కబరిచి, కేసిన్ ఉండ కట్టకుండా, కొవ్వు బొట్లు కలిసిపోకుండా అడ్డుపడతాయి. కొత్త ఉపాయం సోడియం సిట్రేట్ అనే లవణం. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ దీన్ని వాడి చెడిపోకుండా చాలాకాలం నిలవుండే చీజ్ చేశారు. ఇది కాల్షియాన్ని లాగేసుకుని కేసిన్‌ను నీళ్లలో కలిసిపోయేలా చేస్తుంది. కొట్లో దొరికే ప్రాసెస్డ్ చీజ్ స్లైసుల్లో ఇలాంటి లవణాలే ఉంటాయి. అందుకే చెడార్‌తో పాటు రెండు స్లైసులు వేస్తే సాస్ నున్నగా నిలుస్తుంది. నాణ్యత గురించి పట్టింపు ఉన్నవాళ్లు ముఖం చిట్లించవచ్చు గానీ, ముప్పావుగంట సేపు ఒడిదుడుకుల వేడి తట్టుకోవాల్సిన వంటకానికి అది అవసరమే. మాకరోనీని రెండు మూడు నిమిషాలు ముందే దించెయ్యాలి, సాస్ పల్చగా ఉండాలి. మిగతా నీళ్లు మాకరోనీ గ్రిల్‌లో పీల్చుకుంటుంది.

పొగ వాసన బొగ్గు నుంచే వస్తుందని ఒక అపోహ ఉంది. బొగ్గు దానంతటది పెద్దగా వాసన ఇవ్వదు. కట్టెను బొగ్గు చేసినప్పుడే పొగ పుట్టించే పదార్థాలు పోయి దాదాపు కార్బన్ మిగులుతుంది. మాంసానికి ఆ రుచి ఎక్కువగా కొవ్వు చుక్కలు నిప్పుల మీద పడి కాలడం వల్ల వస్తుంది. ట్రేలోంచి ఏ చుక్కా పడదు. కాబట్టి పొగ రుచి కావాలంటే ఆపిల్ కట్టె ముక్కొకటి నిప్పుల మీద వెయ్యాలి. కట్టెకు గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం వేడికి విడిపోయి గుయాకోల్, సిరింగోల్ అనే పదార్థాలు వస్తాయి. ఇవి కొవ్వులో బాగా కలిసిపోతాయి, చీజ్ నిండా కొవ్వే. ఒక్క ముక్క ఎక్కువైనా చేదెక్కుతుంది. పొగ చల్లటి, తడి ఉపరితలానికి బాగా పడుతుంది గనక బ్రెడ్ పొడి మొదట్లోనే చల్లకూడదు.

ఆ పొడి వెన్నలో కలిపి చివరి పావుగంటలో చల్లుకుంటే చాలు. పైభాగం ఎర్రబడాలంటే 140 డిగ్రీలు దాటాలి, తడి ఉన్నంతసేపూ అది 100 దగ్గరే ఆగిపోతుంది. మూత నుంచి దిగే వేడి అంతంతమాత్రం. అందుకని రంధ్రాలు పూర్తిగా తెరిచి నిప్పుల్ని రాజెయ్యాలి. ఇనప డచ్ ఓవెన్ (బరువైన మూత ఉన్న మందపాటి గిన్నె) ఉంటే దమ్ బిర్యానీకి చేసినట్టు మూత మీద నాలుగు నిప్పులు పెట్టడం ఇంకా సులువు.

పని అయ్యాక రంధ్రాలన్నీ మూసేస్తే నిప్పులు ఆరిపోతాయి, మిగిలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు. అయితే పూర్తిగా చల్లారేదాకా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు చనిపోయారన్న వార్తలు మన దేశంలో చలికాలం వస్తే వింటూనే ఉంటాం. మధ్యలో వాన పట్టుకుంటే గ్రిల్‌ను గ్యారేజీలోకి లాగొద్దు. ట్రే ఒక్కటీ తెచ్చి ఇంట్లో ఓవెన్‌లో పెట్టుకోండి.